పోస్ట్‌మ్యాన్‌లో బృంద అమరికలు, కార్యకలాపాల చిట్టా

పోస్ట్‌మ్యాన్ అనేది ఏపీఐలను రూపొందించడానికి, పరీక్షించడానికి, వాటి వివరాలను నమోదు చేసి ఉంచుకోవడానికి ఉపయోగపడే సాఫ్ట్‌వేర్ సాధనం. దీనిని ఒక వ్యక్తి ఒంటరిగానూ, ఒక సంస్థలోని పలువురు బృందంగానూ వాడుకోవచ్చు. బృందంగా వాడేటప్పుడు ఎవరికి ఎంత అధికారం ఉండాలో ముందుగా నిర్ణయించే ఏర్పాట్లను బృంద అమరికలు అంటారు. ఎవరు, ఎప్పుడు, ఏ మార్పు చేశారో తరువాత తెలియజేసే నమోదులను కార్యకలాపాల చిట్టా అంటారు. మొదటిది ద్వారానికి వేసిన తాళం వంటిది. రెండవది ద్వారం వద్ద ఉంచిన రాకపోకల పుస్తకం వంటిది. ఈ రెండింటిలో ఏ ఒక్కటి లోపించినా, బృందం చేతిలోని రహస్య సంకేతాలు బయటపడినప్పుడు అవి ఎలా బయటపడ్డాయో తెలుసుకోవడం కష్టమవుతుంది.

నేపథ్యం

ఒక కంప్యూటర్ ప్రోగ్రాము మరొక ప్రోగ్రామును సమాచారం అడగడానికి, లేదా ఒక పని చేయమని కోరడానికి ఏర్పరచిన నియమాల సముదాయమే ఏపీఐ. ఉదాహరణకు, ప్రయాణికుడు ఫోనులో బస్సు టికెట్టు కొన్నప్పుడు ఫోనులోని అప్లికేషన్ బస్సు సంస్థ సర్వరును ఖాళీ సీట్ల సంగతి అడుగుతుంది. చెల్లింపు కోసం ఆ సర్వరు మరొక సర్వరును అడుగుతుంది. ఈ ప్రశ్నోత్తరాలన్నీ ఏపీఐల ద్వారానే జరుగుతాయి.

వెబ్ ఏపీఐలలో ఈ సంభాషణ సాధారణంగా హెచ్‌టీటీపీ అనే నియమావళిని అనుసరిస్తుంది. సమాచారం కోరడానికి గెట్, కొత్తది చేర్చడానికి పోస్ట్, ఉన్నదాని స్థానంలో కొత్త రూపం ఉంచడానికి పుట్, తొలగించడానికి డిలీట్ అనే ఆదేశాలు వాడుకలో ఉన్నాయి. జవాబుతో పాటు మూడంకెల సంఖ్య ఒకటి వస్తుంది. 200 అంటే పని సక్రమంగా జరిగిందనీ, 401 అంటే అడిగినవారు ఎవరో రుజువు కాలేదనీ, 403 అంటే వారికి ఆ అధికారం లేదనీ, 404 అంటే కోరినది అక్కడ లేదనీ అర్థం.

అడిగేవారు ఎవరో రుజువు చేయడానికి అనేక ఏపీఐలు ఒక కీని గాని, టోకెన్‌ను గాని కోరతాయి. ఇది అక్షరాలు, అంకెలు కలిసిన పొడవైన వరుస. ఇది ఎవరి చేతిలో ఉంటే వారినే సర్వరు అసలు యజమానిగా భావిస్తుంది. బృంద అమరికలకు, చిట్టాలకు ఇంత ప్రాధాన్యం కలగడానికి మూలకారణం ఇదే.

చరిత్ర

పోస్ట్‌మ్యాన్‌ను అభినవ్ ఆస్థానా 2012లో గూగుల్ క్రోమ్ బ్రౌజరుకు అనుబంధంగా, తన సొంత అవసరం కోసం తయారు చేశాడు. 2014లో అంకిత్ సోబ్తీ, అభిజిత్ కానేలతో కలిసి బెంగళూరులో సంస్థను స్థాపించాడు. తరువాతి కాలంలో సంస్థ ప్రధాన కార్యాలయం అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోకు మారింది. బెంగళూరు కార్యాలయం కొనసాగింది. 2021 ఆగస్టులో సంస్థ 22.5 కోట్ల డాలర్ల పెట్టుబడిని సమీకరించింది. అప్పుడు దాని విలువను 560 కోట్ల డాలర్లుగా లెక్కకట్టారు.

తొలినాళ్లలో ఇది ప్రధానంగా ఒక్కొక్క వ్యక్తి తన కంప్యూటర్‌లో వాడుకునే పరికరం. ఒకరు తయారు చేసుకున్న అభ్యర్థనలు మరొకరికి కావలసివస్తే, వాటిని ఫైలుగా భద్రపరచి పంపుకోవలసివచ్చేది. పంపిన మరుక్షణం నుండి ఆ ఫైలు రెండు ప్రతులుగా విడిపోయి, ఏది తాజా ప్రతియో తెలియని స్థితి ఏర్పడేది. 2018లో విడుదలైన 6వ వెర్షన్‌తో వర్క్‌స్పేస్‌లు ప్రవేశపెట్టడంతో, బృందంలోని వారందరూ ఒకే ప్రతిపై పనిచేయడం మరింత సులభమైంది. అందరూ ఒకే ప్రతిని మార్చగలిగినప్పుడు, ఎవరు మార్చారన్న ప్రశ్న కూడా తప్పనిసరిగా తలెత్తింది.

ఖాతా లేకుండానే వాడుకోవడానికి ఉన్న స్క్రాచ్ ప్యాడ్ అనే ఏర్పాటును సంస్థ 2023లో తొలగించింది. తమ వివరాలను బయటి సర్వర్లలో ఉంచడం ఇష్టం లేని పలువురు వాడుకరులు దీనిపై అభ్యంతరం తెలిపారు.

ప్రధాన భాగాలు

అమరికలను అర్థం చేసుకోవడానికి ముందు కొన్ని పారిభాషిక పదాలు తెలిసి ఉండాలి.

* కలెక్షన్: ఒక ఏపీఐకి సంబంధించిన అభ్యర్థనలను ఒకచోట వరుసగా పెట్టిన సంపుటి.
* ఎన్విరాన్‌మెంట్: సర్వరు చిరునామా, కీ వంటి మారే విలువల పట్టిక. పరీక్షల సర్వరుకు ఒకటి, అసలు సర్వరుకు ఒకటి చొప్పున విడివిడిగా పెట్టుకుంటారు.
* వర్క్‌స్పేస్: కలెక్షన్లను, ఎన్విరాన్‌మెంట్లను కలిపి ఉంచే స్థలం. ఇది ఒక్కరికే పరిమితం కావచ్చు, బృందానికంతటికీ చెందవచ్చు, లేదా లోకమంతటికీ కనిపించే బహిరంగ వర్క్‌స్పేస్ కావచ్చు.
* బృందం: ఈ వర్క్‌స్పేస్‌లను పంచుకునే సభ్యుల సముదాయం. చందా చెల్లింపు బృందం పేరిట ఉంటుంది.

బృంద అమరికలు

బృందం పేరు, దాని చిరునామా, సభ్యుల జాబితా, పాత్రలు, ప్రవేశ విధానం, చెల్లింపు వివరాలు ఈ అమరికలలో ఉంటాయి. వీటిలో కొన్ని సదుపాయాలు బృందం తీసుకున్న పథకాన్ని బట్టి మాత్రమే లభిస్తాయి.

పాత్రలు

పోస్ట్‌మ్యాన్‌లో అధికారం మూడు స్థాయిలలో పంపిణీ అవుతుంది. మొదటిది బృంద స్థాయి. అడ్మిన్ సభ్యులను చేర్చుకోగలడు, తొలగించగలడు, అమరికలను మార్చగలడు. బిల్లింగ్ పాత్ర గలవారు చందా వ్యవహారం చూస్తారు. డెవలపర్ పాత్ర గలవారు బృందపు వర్క్‌స్పేస్‌లలో పనిచేస్తారు. బహిరంగంగా ప్రకటించే విషయాలను పర్యవేక్షించడానికి కమ్యూనిటీ మేనేజర్ అనే పాత్ర ఉంది.

రెండవది వర్క్‌స్పేస్ స్థాయి. ఇక్కడ అడ్మిన్, ఎడిటర్, వ్యూయర్ అనే పాత్రలు ఉంటాయి. మూడవది కలెక్షన్ వంటి ఒక్కొక్క అంశపు స్థాయి. ఇక్కడ ఎడిటర్, వ్యూయర్ పాత్రలు ఉంటాయి. ఎడిటర్ మార్చగలడు, వ్యూయర్ చూడగలడు. కాబట్టి బృంద స్థాయిలో డెవలపర్‌గా ఉన్న వ్యక్తి ఒక వర్క్‌స్పేస్‌లో అడ్మిన్‌గానూ, మరొకదానిలో కేవలం వ్యూయర్‌గానూ ఉండవచ్చు.

పనికి అవసరమైనంత అధికారం మాత్రమే ఇవ్వడం కంప్యూటర్ భద్రతలో చిరకాలంగా ఉన్న సూత్రం. ఆచరణలో దీనికి విరుద్ధంగా జరగడం సాధారణం. ఎవరికైనా ఒక పని అడ్డుపడితే, ఏ అధికారం తక్కువైందో పరిశీలించడానికి బదులు అడ్మిన్ పాత్ర ఇచ్చివేస్తారు. పని పూర్తయ్యాక తిరిగి తగ్గించడం మరచిపోతారు. అలాగని ఒకే ఒక్క అడ్మిన్‌ను ఉంచడమూ క్షేమం కాదు. ఆ వ్యక్తి అందుబాటులో లేని రోజున సభ్యుని తొలగించగలవారు ఉండరు. కనీసం ఇద్దరు అడ్మిన్లు ఉండి, వారి జాబితాను అప్పుడప్పుడు సరిచూసుకోవడం మేలు.

ప్రవేశ విధానం

చిన్న బృందాలలో సభ్యులు తమ ఈ-మెయిలు, సంకేతపదంతో ప్రవేశిస్తారు. పెద్ద సంస్థలు ఎస్‌ఏఎంఎల్ 2.0 ప్రమాణం ద్వారా తమ ఉద్యోగుల ఖాతాలకే పోస్ట్‌మ్యాన్ ప్రవేశాన్ని ముడిపెడతాయి. స్కిమ్ అనే మరొక ప్రమాణంతో, ఉద్యోగుల జాబితాలో పేరు చేరినప్పుడు ఇక్కడ సభ్యత్వం కల్పించడం, అక్కడ తొలగినప్పుడు ఇక్కడ ఖాతాను నిలిపివేయడం స్వయంచాలకంగా జరుగుతాయి.

సభ్యుని తొలగింపు

ఉద్యోగి సంస్థను విడిచి వెళ్లినప్పుడు అతనిని బృందం నుండి తొలగిస్తారు. అతడు బృందపు వర్క్‌స్పేస్‌లలో ఉంచిన కలెక్షన్లు బృందానికే మిగులుతాయి. అయితే ఇక్కడ ఒక ముఖ్యమైన విషయాన్ని గమనించాలి. తొలగింపుతో అతనికి పోస్ట్‌మ్యాన్ ద్వారం మాత్రమే మూసుకుంటుంది. అతడు పనిచేసిన కాలంలో చూసిన కీలు వేరే సర్వర్లకు చెందినవి. వాటిని ఆయా సర్వర్ల వద్ద రద్దు చేసి కొత్తవి తీసుకునేవరకు, అవి తెలిసిన ఎవరికైనా పనిచేస్తూనే ఉంటాయి. అద్దెకున్నవారు ఇల్లు ఖాళీ చేసినప్పుడు జాబితాలో పేరు కొట్టివేయడం ఒక పని, తాళం మార్చడం మరొక పని. రెండవ పనిని మరచిపోవడం వల్లనే ఎక్కువ నష్టం జరిగే అవకాశం ఉంది.

చిట్టాలు

పదం

చిట్టా అనే పదం తెలుగు వ్యాపారుల లెక్కలలో ఎప్పటినుండో ఉంది. ఏ రోజు జరిగిన వ్యవహారాన్ని ఆ రోజే, జరిగిన వరుసలో రాసే పుస్తకం చిట్టా. ఆ పద్దులనే ఖాతాల వారీగా విడదీసి రాసే పుస్తకం ఆవర్జా. తెలుగు వాణిజ్యశాస్త్ర పాఠ్యపుస్తకాలలో ఈ రెండు పదాలు ఈ అర్థాలలోనే కనిపిస్తాయి. పోస్ట్‌మ్యాన్‌లోని నమోదులను కూడా ఈ విభజన ప్రకారం అర్థం చేసుకోవచ్చు.

కార్యకలాపాల చిట్టా

వర్క్‌స్పేస్‌లో జరిగిన మార్పులన్నింటినీ కాలక్రమంలో చూపేది కార్యకలాపాల చిట్టా. ఒక సభ్యుడు కలెక్షన్‌ను చేర్చినా, మరొకరు ఎన్విరాన్‌మెంట్‌ను సవరించినా, ఆ పని చేసిన వ్యక్తి పేరు, సమయం ఇందులో కనిపిస్తాయి. ఇది వ్యాపారి చిట్టాకు సమానం. సెలవు నుండి తిరిగివచ్చిన సభ్యుడు తాను లేనప్పుడు ఏం జరిగిందో తెలుసుకోవడానికి ముందుగా చూడవలసినది దీనినే.

మార్పుల చిట్టా

ఒక్కొక్క కలెక్షన్‌కు విడిగా ఉండే నమోదు మార్పుల చిట్టా. ఇది ఆవర్జాకు సమానం. ఫలానా అభ్యర్థన చిరునామా ఎవరు మార్చారు, ఏ పరీక్షను ఎవరు తొలగించారు అన్నది దీనిలో తెలుస్తుంది. అధికారం గల సభ్యుడు ఇక్కడి నుండి కలెక్షన్‌ను పాత స్థితికి తిరిగి తీసుకురావచ్చు. తప్పు చేసినవారిని పట్టుకోవడం కంటే తప్పును సరిదిద్దుకోవడానికే ఈ చిట్టా ఎక్కువగా ఉపయోగపడుతుంది.

మార్పును నేరుగా చేయకుండా, కలెక్షన్‌కు ఫోర్క్ అనే ప్రతి తీసుకుని దానిలో మార్చి, తరువాత విలీనం చేయమని కోరే పద్ధతి కూడా ఉంది. దీనివల్ల మార్పు జరగకముందే మరొకరు దానిని పరిశీలించే వీలు కలుగుతుంది.

ఆడిట్ లాగ్

పై రెండు చిట్టాలు పనికి సంబంధించినవి. ఆడిట్ లాగ్ అధికారానికి సంబంధించినది. సభ్యుల చేరిక, తొలగింపు, పాత్రల మార్పు, ప్రవేశ విధానంలో మార్పు, వర్క్‌స్పేస్ బహిరంగం కావడం వంటి సంఘటనలు దీనిలో నమోదవుతాయి. ఇది చెల్లింపు పథకాలలో లభిస్తుంది. దీనిని చూసే హక్కు బృంద నిర్వాహకులకు ఉంటుంది. నమోదులను సీఎస్‌వీ ఫైలుగా దిగుమతి చేసుకోవచ్చు. పోస్ట్‌మ్యాన్ సొంత ఏపీఐ ద్వారా వీటిని సంస్థ భద్రతా వ్యవస్థలోకి తీసుకుపోవచ్చు.

చిట్టాను చదివే విధానం

నిన్నటివరకు సరిగా పనిచేసిన కలెక్షన్ ఈ రోజు ఉదయం 401 అనే జవాబు ఇస్తున్నదని అనుకుందాం. అప్పుడు ఈ క్రమంలో పరిశీలించవచ్చు.

* మొదట ఆ కలెక్షన్ మార్పుల చిట్టాను చూడాలి. అనుమతికి సంబంధించిన భాగాన్ని ఎవరైనా మార్చి ఉంటే అక్కడే తెలుస్తుంది.
* అక్కడ ఏమీ లేకపోతే వర్క్‌స్పేస్ కార్యకలాపాల చిట్టాలో ఎన్విరాన్‌మెంట్ మార్పులను చూడాలి.
* అక్కడా ఏమీ లేకపోతే, ఆ కీ ఎవరి పేరున ఉన్నదో వారు బృందం నుండి తొలగిపోయారేమో ఆడిట్ లాగ్‌లో చూడాలి.
* మూడు చోట్లా మార్పు కనిపించకపోతే కారణం పోస్ట్‌మ్యాన్ వెలుపల ఉన్నట్లు భావించి, కీ గడువు ముగిసిందేమో సంబంధిత సర్వరు వద్ద విచారించాలి.

వేర్వేరు చిట్టాలను పోల్చేటప్పుడు కాలమానాన్ని గమనించాలి. సర్వర్ల చిట్టాలలో తరచు సమన్విత సార్వత్రిక సమయం వాడతారు. భారత కాలమానం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. భారతదేశంలో 12వ తేదీ తెల్లవారుజామున 2 గంటలకు జరిగిన సంఘటన అటువంటి చిట్టాలో 11వ తేదీ 20:30గా కనిపిస్తుంది. ఈ తేడాను మరచిపోతే ఆ రోజు పనిలో లేని వ్యక్తిపై అనుమానం పడే ప్రమాదం ఉంది.

రహస్య విలువలు

ఎన్విరాన్‌మెంట్‌లోని ప్రతి విలువకు చాలా ఏళ్లపాటు రెండు గడులు ఉండేవి. మొదటి గడిలోని తొలి విలువ సంస్థ సర్వరుకు చేరి, బృందంలో అందరికీ కనిపించేది. రెండవ గడిలోని ప్రస్తుత విలువ వాడుకరి సొంత కంప్యూటర్‌లోనే ఉండేది. ఈ భేదం తెలియని కొత్తవారు అసలు కీని మొదటి గడిలో రాయడం తరచు జరిగే పొరపాటు. విలువను రహస్య రకంగా గుర్తిస్తే తెరపై అక్షరాలకు బదులు చుక్కలు కనిపిస్తాయి. అయితే చుక్కలు పక్కనున్నవారి చూపు నుండి మాత్రమే కాపాడతాయి. ఆ విలువను వాడుకునే అధికారం గల సభ్యుని నుండి కాపాడవు. 2024లో ప్రవేశపెట్టిన వాల్ట్ అనే ఏర్పాటు రహస్యాలను గుప్తీకరించి వాడుకరి కంప్యూటర్‌లోనే ఉంచుతుంది.

సైబర్ భద్రతా సంస్థ క్లౌడ్‌సెక్ 2024 డిసెంబరులో ఒక పరిశీలనను వెల్లడించింది. కీలు, టోకెన్లు వంటి సున్నిత సమాచారం బయటపడేలా ఉన్న బహిరంగ వర్క్‌స్పేస్‌లు 30,000కు పైగా కనిపించాయని అందులో పేర్కొంది. ఇటువంటి సందర్భాలలో ఎవరూ తాళం పగలగొట్టనవసరం లేదు. వాడుకరులు తమ వర్క్‌స్పేస్‌ను బహిరంగంగా ఉంచి, దానిలో అసలు కీలను వదిలివేయడమే చాలు.

ఇలా బయటపడిన కీని వర్క్‌స్పేస్ నుండి చెరిపివేయడం సరిపోదు. పాత రూపాలలో అది మిగిలి ఉండవచ్చు. ఎవరైనా ఫోర్క్ తీసుకుని ఉంటే వారి ప్రతిలో అది నిలిచి ఉంటుంది. అందుచేత ముందుగా కీని రద్దు చేసి, తరువాతనే చెరపాలి.

భారతదేశంలో నిబంధనలు

సమాచార సాంకేతిక చట్టం, 2000 లోని 70బి విభాగం కింద భారత ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న కొన్ని ఆదేశాలు జారీ చేసింది. వీటి ప్రకారం సంస్థలు తమ కంప్యూటర్ వ్యవస్థల చిట్టాలను 180 రోజులపాటు భద్రపరచాలి. నిర్దేశించిన రకాల సైబర్ సంఘటనలను గుర్తించిన 6 గంటలలోపు తెలియజేయాలి. వ్యవస్థల గడియారాలు ఒకే ప్రామాణిక సమయాన్ని అనుసరించేలా చూడాలి. ఈ 6 గంటల గడువు దృష్ట్యా, సంఘటన జరిగిన తరువాత చిట్టా ఎక్కడ ఉంటుందో వెతుక్కునే వ్యవధి సంస్థకు ఉండదు. ఆడిట్ లాగ్‌ను నియమిత కాలానికొకసారి దిగుమతి చేసి సంస్థ వద్ద దాచుకోవడం ఇందుకు తోడ్పడుతుంది.

పరిమితులు

చిట్టా దానంతట అది కాపలా కాయదు; చదివేవారు ఉంటేనే దానికి విలువ. దీనికి మరికొన్ని పరిమితులు కూడా ఉన్నాయి.

* ముగ్గురు సభ్యులు ఒకే ఖాతాను పంచుకుంటే, ముగ్గురి పనులూ ఒకరి పేరుననే నమోదవుతాయి. చందా సొమ్ము ఆదా కావచ్చు గాని, ఆ చిట్టా సాక్ష్యంగా నిలబడదు. నిర్దోషి అయినవారు తాము చేయలేదని నిరూపించుకునే దారి కూడా మూసుకుపోతుంది.
* ఒకరి ఏపీఐ కీతో స్వయంచాలక ప్రోగ్రాము చేసిన మార్పు ఆ కీ యజమాని పేరున కనిపిస్తుంది.
* మార్పుల చిట్టాలో మార్పులే ఉంటాయి. ఒక విలువను చూసి, మరొకచోట రాసుకున్నవారి సంగతి దానిలో ఉండదు.
* బయటకు పోయిన కీని మరొక సాధనంతో వాడితే, ఆ వాడకం పోస్ట్‌మ్యాన్ చిట్టాలో నమోదు కాదు. దాని జాడ ఆ ఏపీఐని నడిపే సర్వరు చిట్టాలో మాత్రమే దొరుకుతుంది.

ఇతర సాధనాలు

ఇన్సోమ్నియా, హాప్‌స్కాచ్, బ్రూనో ఈ తరహాకు చెందిన ఇతర సాధనాలు. ఇన్సోమ్నియాను కాంగ్ సంస్థ 2019లో కొనుగోలు చేసింది. 2019లో పోస్ట్‌వుమన్ అనే పేరుతో మొదలైన ప్రాజెక్టు 2020లో హాప్‌స్కాచ్‌గా పేరు మార్చుకుంది. బ్రూనో కలెక్షన్లను వాడుకరి కంప్యూటర్‌లోనే సాధారణ పాఠ్య ఫైళ్లుగా ఉంచుతుంది. ఈ ఫైళ్లను గిట్‌లో భద్రపరిస్తే, గిట్ చరిత్రయే మార్పుల చిట్టాగా పనిచేస్తుంది. అయితే గిట్‌లో మార్పు చేసినవారి పేరును వాడుకరి తన కంప్యూటర్‌లో తానే రాసుకుంటాడు. ఆ పేరు నిజమని నమ్మడానికి డిజిటల్ సంతకం గాని, ఫైళ్లను ఉంచిన సర్వరు సొంత నమోదు గాని తోడు కావాలి. ఏ సాధనాన్ని ఎంచుకున్నా, ప్రతి వ్యక్తికి వేరు ఖాతా, అవసరమైనంత అధికారం, క్రమం తప్పకుండా చదివే చిట్టా అనే మూడు ఏర్పాట్లూ బృందం తనకు తానుగా చేసుకోవలసినవే.